తేదీ చెప్పని ప్రార్థన

అధ్యక్షులు అనంతరామయ్య మాస్టారు గారికి, సంఘ పెద్దలకు, వడ్డాది నుంచీ చీడికాడ నుంచీ బుచ్చయ్యపేట నుంచీ చెరకు నరుకుళ్ళు ఆపుకుని వచ్చిన అమ్మలకూ అయ్యలకూ నా నమస్కారం.

పందిరి బయట ఎండలో కొంతమంది నిలబడే ఉన్నారు. ఇది కిరస్తానీల సభ, మనం లోపలికి వెళ్ళవచ్చో లేదో అని ఆగినట్టున్నారు. రండి. చాపలు పరిచి ఉన్నాయి. మన దేముడమ్మ అప్ప మీ గుమ్మాలు ఎక్కేటప్పుడు మీది ఏ కులం, ఏ మతం అని అడగలేదు. ఆమె కోసం కూడిన చోట మీరు బయట నిలబడితే నాకు మాట రాదు. రండి, కూర్చోండి.

ఆమె మనల్ని విడిచి పది రోజులైంది. గురువారం పొద్దున్న, అనకాపల్లి ఆసుపత్రిలో, వార్డులో రొట్టె, పాలు పంచే వేళకి వెళ్ళిపోయింది. వయసు యాభై ఏడో, యాభై ఎనిమిదో. ఆమెకే సరిగ్గా తెలియదు. ఏదో పెద్ద తుఫాను వచ్చిన మరుసటేడు పుట్టానని చెప్పేది. ఏ తుఫానో ఎవరికీ తెలియదు.

అయ్యలారా, అమ్మలారా, నా పేరు దాసు. మీలో చాలామందికి తెలుసు. నేను సువార్తికుణ్ణి. మాట్లాడటమే నా పని. తొమ్మిదేళ్ళుగా ఈ తాలూకాలో నేను మాట్లాడని ఊరు లేదు. కానీ ఈ పది రోజులుగా నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను.

అప్పని సమాధి చేసి వస్తుంటే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. వెటకారంగా కాదు, పాపం, నిజంగానే అడిగాడు. "ఏటి మాస్టారూ, పదకొండు రోజులు అంతమంది ప్రార్థన సేసేరు గదా. జనమందరి కోసం మొక్కిన మనిసి, ఆవిడే బతకలేదేటి?"

బైబిలు పాఠశాలలో ఇలాంటి ప్రశ్నలకి నాలుగైదు జవాబులు నేర్పారు. అన్నీ నోటికి వచ్చు. ఒక్కటీ బయటికి రాలేదు. చోడవరంలో దిగవలసినవాణ్ణి, దిగడం మరిచిపోయి తర్వాతి స్టాపు దాకా వెళ్ళి నడిచి వచ్చాను.

ఆ ప్రశ్నని ఇవాళ మీ ముందు దాచలేను. దానితో పాటు ఇంకొకటి కూడా దాచలేను. అది ఆరేళ్ళ నాటిది. ముందు అప్ప ఎవరో చెప్పనివ్వండి. తర్వాత దాని దగ్గరికి వస్తాను.

ఆమె పుట్టింది బుచ్చయ్యపేట పక్కన ఒక కూలి కుటుంబంలో. ఇరవై రెండేళ్ళకి భర్త పోయాడు. పిల్లలు లేరు. బెల్లం వండే చోట గానుగకి చెరకు అందించే పని చేసేది. ఒక ఏడు చెరకు బండి బోల్తాపడి కాలు విరిగింది. మూడు నెలలు మిషన్ ఆసుపత్రిలో మంచం మీద ఉంది. అక్కడ ఒక నర్సమ్మ ఆమెకి అక్షరాలు నేర్పింది. ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషి, కట్టు కట్టిన కాలు పైకి వేలాడదీసుకుని, పలక మీద అ ఆ లు దిద్దింది. ఆ పలక మీద నేర్చిన చదువుతోనే సువార్త చదివింది. ఎవరూ బలవంతం చేయకుండా తానే బాప్తిస్మం అడిగింది. ఆ తర్వాత బైబిల్ స్త్రీగా పనిలో చేరింది. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పడం ఆమె పని. కాలు కొంచెం ఈడ్చి నడిచేది. అలా ఈడుస్తూనే ఇరవై ఏళ్ళు మన ఊళ్ళన్నీ తిరిగింది.

నేను అరవై ఏడులో వచ్చాను. ఇరవై ఆరేళ్ళు. కొత్త సైకిలు, కరపత్రాల సంచి, గొంతు పెద్దది చేసే రేకు బాకా. వారానికి ఐదు ఊళ్ళు అని నియమం పెట్టుకున్నాను. ఊరి మధ్య నిలబడటం, పాట పాడటం, పావుగంట ప్రసంగం, కరపత్రాలు పంచడం, ఇంకో ఊరు. నెలాఖరుకి రిపోర్టు. నా రిపోర్టులు చూసి పైవాళ్ళు మెచ్చుకునేవారు.

అప్ప రిపోర్టు మాత్రం ఎప్పుడూ రెండు లైన్లే. మూడు నెలలుగా ఒకే ఊరి పేరు ఉండేది. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగేశాను, అప్పా, మూడు నెలల్లో ఆ ఊళ్ళో ఎన్ని ప్రసంగాలు చేశారు అని.

"ఒకటీ సెయ్యలేదు బాబూ" అంది.

మరి ఏం చేశారు?

"ఎవులింట్లో ఏటి బాధ ఉన్నాదో తెలుసుకుంటన్నాను. పేరు పేరునా ప్రార్థన సేస్తన్నాను."

దేవుడికి వాళ్ళ బాధలు తెలియవా, మీరు వెళ్ళి తెలుసుకుని చెప్పాలా అన్నాను. నవ్వింది. "ఆయనకి తెలుసు బాబూ. నాకు తెల్దు. నాకు తెలవడానికే ప్రార్థన."

అప్పుడు నాకు అది చదువురాని మనిషి మాటలాగే వినిపించింది. నిజం చెబుతున్నాను. ఈమెని మార్చాలి, వేగం నేర్పాలి అనుకున్నాను.

అరవై ఎనిమిదిలో ఒక వడ్డాది సంత గుర్తుంది. నేను స్టూలు మీద ఎక్కి బాకా నోటికి పెట్టుకుని గొంతు చించుకుంటున్నాను. పక్కనే వంకాయలు అమ్మే సన్యాసమ్మ అనే ఆమె లేచి నిలబడింది. "నీ బాకా ఆపు బాబూ, నా బేరాలు పోతన్నాయి" అంది. నేను ఆపలేదు. సత్యం చెప్పేటప్పుడు ఆగకూడదని నేర్చుకున్నాను కదా! ఇంకా గట్టిగా చెప్పాను. జనం నవ్వుకుంటూ పోయారు.

దిగి చూస్తే అప్ప సన్యాసమ్మ గంప పక్కన కూర్చుని ఉంది. ఆమెకి కన్ను వాచిపోయి నీరు కారుతోంది. తక్కెడ ముల్లు సరిగ్గా కనబడటం లేదు. అప్ప తూచి ఇస్తోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందని అర్థమైంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తర్వాత అడిగాను, కళ్ళు మూసుకోకుండా అదేం ప్రార్థన అప్పా అని.

"కళ్ళు మూసుకుంటే ఆవొచ్చి వంకాయలు తినేస్తాది గదా!"

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. ఆమెకీ నవ్వంటే ఇష్టమే. ఆ మరుసటి బుధవారం అప్ప సన్యాసమ్మని వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సన్యాసమ్మ ఇప్పటికీ మన గుడికి రాలేదు. కానీ ప్రతి సంతలోనూ అప్ప కనబడితే అడిగేది. "నా పేరు సెప్పేవా ఆయనకి? మరిసిపోలేదు గదా?" అని. ఎవరి సువార్త ఆ సంతలో వినబడింది? నాదా? అప్పదా? అప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఇక ఆ రెండో సంగతి.

అమ్మా, అయ్యా, ఇది చెప్పవచ్చా అని నిన్న ఒకరిని అడిగించాను. "సెప్పమను. అందరూ ఇనాలి" అని కబురు వచ్చింది. అందుకే చెబుతున్నాను. వాళ్ళు ఈ పందిట్లోనే ఉన్నారు. ఇంతసేపూ నేను వాళ్ళ వైపు చూడకుండా మాట్లాడుతున్నాను. అది కూడా మీకు తెలియాలి.

డెబ్భైలో, వర్షాలు వెనకబడిన కాలం. చీడికాడ దాటాక కొండ వార ఒక ఊరు. అప్ప అప్పటికి రెండు నెలలుగా ఆ ఊరికి వెళ్ళివస్తోంది. ఇంకా ప్రసంగం మొదలుపెట్టలేదు. ఆమె అక్కకి జబ్బు చేసిందని కబురొస్తే వారం రోజులు ఉండి రావడానికి అటు వెళ్ళింది. ఇదే సమయం అనుకున్నాను నేను. రెండు నెలలుగా ఆమె దున్నిన చోట నేను వెళ్ళి విత్తనం చల్లి, పంట చూపిస్తాను అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం సభ పెట్టాను. ఊరంతా వచ్చింది. సభ మధ్యలో జగ్గయ్య, ఆయన భార్య అసిరమ్మ తమ కూతుర్ని ఎత్తుకుని తెచ్చారు. ఏడేళ్ళ పిల్ల. పేరు పైడితల్లి. తొమ్మిది రోజులుగా విడవని జ్వరం. పొట్ట ఉబ్బి ఉంది. జగ్గయ్య అప్పటికే బండి కట్టి ఉంచాడు, అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి. దారిలో కదా, దీవించమని ఒక్క మాట అడిగాడు. అంతే అడిగాడు.

నేనేం చేశాను? పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. గొంతు పెంచాను. ఊరంతా నిశ్శబ్దంగా వింటోంది. అలా ఒక ఊరు ఊరంతా నా మాట వినడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం నాకు తలకెక్కింది. వచ్చే ఆదివారానికి ఈ పిల్ల లేచి నడుస్తుంది అన్నాను. అది చూసి నిజమైన దేవుడెవరో ఈ ఊరు తెలుసుకుంటుంది అన్నాను.

ఆ మాట నాకెవరూ చెప్పలేదు. దేవుడు చెప్పలేదు. అది నా నోట్లోంచి వచ్చింది.

జగ్గయ్య వెళ్ళి బండి కాడిలోంచి ఎడ్లని విప్పేశాడు. నేను చూశాను. చూసి, ఇది కదా విశ్వాసం అనుకున్నాను. సంతోషపడ్డాను! సైకిలెక్కి పాట పాడుకుంటూ చోడవరం వచ్చేశాను.

శుక్రవారం అప్ప ఆ ఊరికి తిరిగి వచ్చింది. పిల్లని చూసింది. "బండి కట్టనేదేటి? ఎడ్లు ఎందుకు ఇప్పీసేరు?" అని అడిగింది. చెప్పారు. తానే కొట్టం దగ్గరికి వెళ్ళి, ఈడ్చే కాలితో ఎడ్లని తోలుకొచ్చి కాడికి కట్టడం మొదలుపెట్టిందట. వాళ్ళతో పాటు బండెక్కింది. దారి పొడుగునా పిల్ల పెదవులు తడుపుతూ కూర్చుంది. శనివారం పొద్దున్నకి ఆసుపత్రికి చేరారు.

ఆదివారం మధ్యాహ్నం అప్ప ఒళ్ళోనే పైడితల్లి చనిపోయింది. నేను చెప్పిన ఆదివారమే.

ఆ వేళకి నేనెక్కడున్నాను? ఇక్కడే. ఈ గుడిలోనే. కొండ కింద ఒక ఊరు ప్రభువు వైపు తిరుగుతోందని సంఘానికి చెప్పి, కృతజ్ఞతా స్తోత్రాలు చేయిస్తున్నాను. మీలో కొందరు ఆ రోజు చప్పట్లు కొట్టారు. మీ తప్పు కాదు.

మంగళవారం సభ రోజునే తెచ్చి ఉంటే బతికేదా అని అప్ప డాక్టరు గారిని అడిగిందట. "చెప్పలేనమ్మా. తెచ్చి ఉంటే మాత్రం నాకు నాలుగు రోజులు దొరికేవి" అన్నాడట ఆయన. నాలుగు రోజులు. నేను ఆ నాలుగు రోజులూ ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఆ నెల రిపోర్టులో ఏం రాశానో తెలుసా మీకు? ఆ ఊరి జనం హృదయాలు కఠినమైనవి, అక్కడ పని సాగదు అని రాశాను. ఎవరి హృదయం కఠినమైనది?

అప్ప మా ఇంటికి వచ్చింది. తిడుతుందని సిద్ధపడ్డాను. తిట్టలేదు. నిలబడే చెప్పింది. "బాబూ, నువ్వు ఆ రోజు దేవుడితో మాటాడలేదు. దేవుడి పేరు సెప్పి ఊరోల్లతో మాటాడేవు. పద. ఆల్లింటికెల్దాం. కాలు పట్టుకుందాం."

నేను వెళ్ళలేదు. ఆ ఊరివాళ్ళు కొడతారని భయం. కొట్టకపోతే ఇంకా భయం. అప్ప ఒక్కతే వెళ్ళింది.

అసిరమ్మ పేడనీళ్ళు ఎత్తి ఆమె మీద పోసింది. అప్ప చీర పిండుకుని వచ్చేసింది. మళ్ళీ వారం వెళ్ళింది. ఇంట్లోకి కాదు. వీధి అరుగు చివర కూర్చునేది. ఒక గంట కూర్చుని లేచి వచ్చేసేది. ఒక్క వాక్యం చెప్పలేదు. ఒక్క పాట పాడలేదు. నాలుగు నెలలు! చివరికి అసిరమ్మే బయటికి వచ్చి అడిగింది. "మల్లీ ఎందుకొస్తన్నావు? ఇంకెవులు సావాల?"

"నా గుంట కాకపోయినా, నా ఒళ్ళో పోయిన పిల్ల గదా అసిరమ్మా. ఎందుకు తీసుకెల్లేవని ఆయన్ని అడగాల. ఒక్కదాన్నీ అడగలేకపోతన్నాను. నువ్వూ అడుగుతావేమోనని వస్తన్నాను."

ఇద్దరూ ఆ అరుగు మీద కూర్చుని అడిగారు. అసిరమ్మ దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. శాపనార్థాలు పెట్టింది. తన దేవుళ్ళనీ, అప్ప దేవుణ్ణీ, ఎవర్నీ వదల్లేదు. ఆపమని అప్ప అనలేదు. సర్దిచెప్పలేదు. అసిరమ్మ ఏడ్చి అలిసిపోయాక, "ఆమేన్" అంది.

సంఘ పెద్దలు నన్ను క్షమించాలి. ఆ ఆమేన్ సరైనదో కాదో నాకు తెలియదు. పుస్తకాల్లో వెతికాను. కానీ ఆ వేళ అసిరమ్మ నోటినుంచి వచ్చిన దానిలో ఒక్క అబద్ధం లేదు. మంగళవారం నా నోటినుంచి వచ్చిన దానిలో ఒక్క నిజం లేదు. రెండింటిలో దేన్ని ప్రార్థన అనాలి?

ఆ తర్వాత నేను ప్రసంగాలు చేస్తూనే ఉన్నాను. లోపల మాత్రం ప్రార్థన ఆగిపోయింది. కళ్ళు మూసుకుంటే విప్పేసిన ఎడ్లు కనబడేవి. ఎవరికీ తెలియదనుకున్నాను. అప్పకి తెలిసింది. ఒకరోజు పిలిచి, "నువ్వు సెప్పడం మానీ. కొన్నాల్లు నోరు మూసుకుని నా ఎనకాల నడు" అంది. పైవాళ్ళకి మాత్రం, దాసు పని నేర్చుకుంటున్నాడు అని రెండు లైన్ల రిపోర్టు రాసింది.

ఏడాదిన్నర ఆమె వెనకాల నడిచాను. ఆమె ఒక ఇంటి కోసం ప్రార్థన మొదలుపెడితే, నాలుగు రోజులకి ఆమె కాళ్ళు ఆ ఇంటివైపు తిరిగేవి. ఆగేది కాదు. బుచ్చయ్యపేట దగ్గర అచ్చియ్యమ్మ అనే ముసలామెకి గాలివానకి ఇంటి కప్పు లేచిపోయింది. అప్ప ఆమెతో కూర్చుని ప్రార్థించింది. అచ్చియ్యమ్మకి నమ్మకం కలగలేదు. "నీ దేవుడు పైనుంచి తాటాకులు పడేస్తాడేటి?" అంది. మర్నాడు అప్ప నాలుగు వీధులు తిరిగి ఆకులు అడిగి, నెత్తిన మోపు పెట్టుకుని వచ్చింది. వెనకాల ఇంకో మోపుతో నేను. "ఇదిగో, పంపేడు. నెత్తి మాత్రం మాది" అంది.

ఆ అచ్చియ్యమ్మ తర్వాత తానే బాప్తిస్మం అడిగింది. నేనైతే ఆ ఆదివారమే ఇప్పించేవాణ్ణి. అప్ప ఒప్పుకోలేదు. "తాటాకుల కోసమైతే వద్దు. ఆకులు ఎండిపోతాయి. ఇంకో ఏడు ఆగి సూడు" అంది. అచ్చియ్యమ్మ ఆగింది. ఏడాది నిండాక, ఏరు నిండుగా ఉన్న రోజుల్లో, వణుకుతూ నీళ్ళలోకి దిగింది. ఇరవై ఏళ్ళలో అప్ప చేతుల మీదుగా సంఘంలోకి వచ్చినవాళ్ళు ముప్ఫై నలుగురు. నేను ఒక్క ఏడాదిలో అంతమంది పేర్లు రాసి పంపిన రోజులున్నాయి. నా వాళ్ళలో ఇవాళ ఎందరున్నారని నన్ను అడగకండి. ఆ ముప్ఫై నలుగురిలో బతికున్న ప్రతివారూ ఇక్కడ కూర్చుని ఉన్నారు.

నడవడం నేర్చుకున్నాను. ప్రార్థన కూడా కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. కానీ ఆ కొండ వార ఊరికి మాత్రం వెళ్ళలేకపోయాను. మూడుసార్లు చీడికాడ దాకా వెళ్ళాను. మూడుసార్లూ బస్టాండులో టీ తాగి తిరిగి వచ్చేశాను.

నెల రోజుల కిందట అప్పకి గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి. ఆసుపత్రిలో చేర్చాం. మీరంతా వంతులు వేసుకుని పదకొండు రోజులు ప్రార్థన చేశారు. కొందరు నా దగ్గరికి వచ్చారు. మాస్టారూ, అప్పకి నయమవుతుందని గుళ్ళో గట్టిగా ప్రకటించండి, అందరికీ ధైర్యంగా ఉంటుంది అన్నారు. నేను ప్రకటించలేదు. నాకు విశ్వాసం తగ్గిందని అనుకున్నారు. అనుకోనివ్వండి.

ఎనిమిదో రోజు మంచం పక్కన కూర్చుని ఉన్నాను. అప్ప అడిగింది, "అసిరమ్మ కాడికి ఎల్లేవా?" లేదన్నాను. కళ్ళు మూసుకుంది. ఆమె మీద నాకు కోపం వచ్చిన రోజులున్నాయి. ఆమె ముందు అంత సిగ్గుపడ్డ రోజు అదొక్కటే.

ఆ మర్నాడే, గిన్నెలో చోడి అంబలి పట్టుకుని అసిరమ్మ వార్డులోకి వచ్చింది. నన్ను చూసి ఆగింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమె మంచానికి అటుపక్క కూర్చుని, అప్పకి చెంచాతో అంబలి పట్టింది. గిన్నె కింద పెట్టాక నావైపు చూసి అంది.

"ఆ రోజు ఎడ్లు ఇప్పింది మా ఆయన. ఇప్పించింది నీ మాట. రెండూ నాను మరిసిపోనేదు. మరిసిపోను కూడాను."

నేను తల దించుకున్నాను. క్షమించమని నోరు తెరవబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అది తరవాత. ఇప్పుడు అప్ప కోసం ప్రార్థన సెయ్యి. ఈసారి మాత్రం తేదీ సెప్పకు."

అయ్యలారా, ఆ మంచం పక్కన నేను చేసిన ప్రార్థన చాలా చిన్నది. ప్రభువా, ఈమె మాకు కావాలి, మాకు భయంగా ఉంది, అన్నాను. అంతకుమించి రాలేదు. మంచానికి అటు అసిరమ్మ, ఇటు నేను, మధ్యలో అప్ప. అప్ప వేళ్ళు మాత్రం కదిలాయి. ఆ తర్వాత రెండో రోజు పొద్దున్న ఆమె వెళ్ళిపోయింది.

కాబట్టి బస్సులో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు బతకలేదు? తెలియదు. పైడితల్లి ఎందుకు బతకలేదు? తెలియదు. అడిగినవన్నీ దొరుకుతాయని చెప్పి నేను ఇంక ఎవర్నీ సంఘంలోకి పిలవను. అలా పిలిస్తే అది సువార్త కాదు, సంతలో బేరం. మరి ప్రార్థన లేకుండా సువార్త చెప్పగలమా? అదీ చెప్పలేం. ఆరేళ్ళ కిందట నేను చెప్పి చూశాను, ఏం జరిగిందో విన్నారు. ఒక మనిషి గురించి దేవుడి దగ్గర రోజూ కూర్చున్నవాళ్ళు ఆ మనిషి పిల్ల ప్రాణంతో పందెం కాయలేరు. ఇంతే నాకు తెలిసింది. ఇది జవాబు కాదు. నాకూ తెలుసు. నా మనసింకా నిలవలేదు. నిలిచిందని మీతో అబద్ధం చెప్పలేను.

జగ్గయ్య గారూ, అసిరమ్మ గారూ. ఇప్పుడు మీ వైపు తిరిగి మాట్లాడుతున్నాను. మీ పాప చావులో నా భాగం ఉంది. దాన్ని దేవుడి మీదికీ, మీ మీదికీ తోసేసి ఆరేళ్ళు తిరిగాను. ఈ సంఘమంతా వినేలా చెబుతున్నాను, తప్పు నాది. క్షమించమని ఈ జనం మధ్య మిమ్మల్ని అడగను. ఇంతమంది చూస్తుంటే కాదనడం కష్టం. అది మళ్ళీ ఇంకో బలవంతం అవుతుంది. రేపు పొద్దున్న మొదటి బస్సుకి మీ ఊరు వస్తాను. బైబిలు తీసుకురాను. మీరు తలుపు తీస్తే లోపలికి వస్తాను. తియ్యకపోతే వీధిలో ఉంటాను. పొమ్మంటే పోతాను, మళ్ళీ వారం వస్తాను.

అధ్యక్షులవారు చివర్లో నన్నే ప్రార్థన చేసి ముగించమన్నారు. మాస్టారూ, ఈ ఒక్కరోజుకి నన్ను వదిలెయ్యండి. మీలో దేవుణ్ణి నమ్మేవాళ్ళున్నారు, వేరే దేవుళ్ళకి మొక్కేవాళ్ళున్నారు, ఎవరికీ మొక్కనివాళ్ళూ ఉన్నారు. అందరి తరఫునా నేనొక్కణ్ణి మాట్లాడితే అది మీ మాట కాదు. అప్ప గురించి మీకు చెప్పుకోవాలనిపించింది చెప్పుకోండి. అడగాలనిపించింది అడగండి. కోపం ఉంటే కోపమే చెప్పండి.

రెండు నిమిషాలు అని గడియారం చూడవద్దు. చెప్పుకోవడం అయినవాళ్ళు కూర్చోండి. కానివాళ్ళు నిలబడే ఉండండి. ఆఖరి మనిషి కూర్చునేదాకా మిగిలిన మనం నోరు మెదపకుండా ఉందాం. ఎంతసేపైనా సరే.

అమ్మలారా, అయ్యలారా, లేవండి. లేవలేని పెద్దవాళ్ళు అలాగే కూర్చోండి, పరవాలేదు. అసిరమ్మ గారూ, మీ ఇష్టం.

మన దేముడమ్మ అప్ప కోసం, మౌనంగా నిలబడదాం.